చెంచాడు తోడు కోసం

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. పాలు కాచింది, గోరువెచ్చగా చల్లార్చింది. ఇక చెంచాడు తోడు వేస్తే పనైపోతుంది. పాపకు బాదం పడదు. పోయిన నెల కొట్లో కొన్న పెరుగు కప్పు మీద చీమ తలకాయంత అక్షరాల్లో బాదం సంగతి రాసుంటే ఎవరూ చదవలేదు. పిల్ల పెదవులు వాచి, ఊపిరి అందక, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆ దడ ఆవిడకు ఇంకా తగ్గలేదు. ఇక మీదట పెరుగు ఇంట్లోనే తోడుపెట్టాలని నిశ్చయించుకుంది.

"పై అంతస్తు టైలరమ్మనడిగి ఒక్క చెంచా తోడు పట్టుకురండి. వాళ్లు బాదం కలపరు కదా అని కూడా అడగండి. అంతే, కబుర్లొద్దు," అని మొగుడి చేతిలో గిన్నె పెట్టింది.

మొగుడు మంచివాడే. కాకపోతే ఏ పని చెప్పినా దాని అంతు చూడందే వదలడు, అదే ఆవిడ ఖర్మ. చెప్పిన ప్రశ్న అడిగి ఊరుకోవచ్చు కదా! "ఈ పెరుగు మీకెక్కడిది?" అన్నాడు, దొంగసొత్తు పట్టుకున్న పోలీసులా.

టైలరమ్మ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "ఎక్కడిదేంటండీ? ఎదురింటి టీచరమ్మ తోడిస్తే నేనే పెట్టుకున్నా. ఏం, ఏమైంది?"

"మా పాపకి పెదాలు వాచాయిలెండి, అందుకని..." అంటూనే వెళ్లి టీచరమ్మ తలుపు కొట్టాడు. తన తోడు కింది అంతస్తులో గడియారాలు బాగుచేసే ఆయన ఇచ్చాడంది టీచరమ్మ. ఈయన మెట్లు దిగాడు. ఈయన కన్నా ముందే కబురు ఫోన్లో దిగిపోయింది. టైలరమ్మ నోట "పాప పెదాలు వాచాయట" అన్నది, టీచరమ్మ నోట "నా పెరుగు తినే వాచాయట" అయింది. గడియారాలాయన చెవిన పడేసరికి పిల్ల ఆస్పత్రిలో చేరిపోయింది.

పిల్లేమో ఇంట్లో బొమ్మలకు రంగులేసుకుంటోంది.

ఇంకేముంది! ముగ్గురూ మూడు గిన్నెల పెరుగుతో ఊడిపడ్డారు. వెనకాలే ఖాళీ గిన్నెతో మొగుడు.

"ఇన్నేళ్లు బడి నడిపాను, ఒక్కరితో మాట పడలేదు! పిల్ల నిక్షేపంలా ఉందిగా? నా పెరుగు పెట్టండి, ఏమవుతుందో నేనూ చూస్తా!" అంది టీచరమ్మ.

"ముందు మాది!" గడియారాలాయన చెంచా ఎత్తి పాప దగ్గరకు నడిచాడు.

ఇల్లాలు పాపను చంకనేసుకుని వెనక్కి జరిగింది. "నా పిల్ల నోట్లో ఎవరూ ఏమీ పెట్టడానికి వీల్లేదు!"

"అంటే మా ఇళ్లలో పెరుగు విషమనేగా?" టైలరమ్మ కయ్యిమంది.

"అయ్యో, గొడవెందుకండీ? నేను తింటాగా," అంటూ మొగుడు మూడు గిన్నెల్లోంచీ తలో చెంచా నోట్లో వేసుకున్నాడు. "అమృతం! అన్నీ..." అని ఆగాడు. పెదవి తడుముకున్నాడు. గొంతు గోక్కున్నాడు. చూస్తుండగానే పెదవులు రెండూ పొంగుకొచ్చాయి. బాదం తనకు సయించదని చిన్నప్పటి నుంచీ పక్కకు నెట్టేసే మనిషికి, ఎందుకు సయించదో అప్పుడు తెలిసింది.

"అమ్మా, నాన్నకీ నాలాగే!" అంది పాప, సంబరంగా.

అంతదాకా మా పెరుగు, మా పెరుగు అన్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. "నాదేముంది, టీచరమ్మ ఇచ్చిన తోడే." "నాది మాత్రం నాదా, ఆయనిచ్చిందేగా." గడియారాలాయనకు చూపించడానికి ఇంకెవరూ మిగల్లేదు. "పొద్దున పాలల్లో బాదం పొడి కలిపిన చెంచాతోనే పెరుగు తీశానేమో... కడిగాననే అనుకున్నా," అని నసిగాడు.

ఆ పెరుగు పాప నోట్లో పడాల్సింది. ఇల్లాలు మొగుణ్ణి తిట్టాలో, దండం పెట్టాలో తేల్చుకోలేక, ముందు ఆస్పత్రికి లాక్కెళ్లింది.

"పాప అలర్జీ ఎవరి వైపు నుంచి వచ్చిందో ఇక వెతకక్కర్లేదులెండి," అన్నాడు డాక్టరు, ఇంజెక్షన్ ఇస్తూ.

సాయంత్రానికి పెదవులు దారికొచ్చాయి. "మా వంశంలో ఇలాంటి జబ్బుల్లేవమ్మా" అని పాపకు బాదం పడదని తెలిసినప్పటి నుంచీ దెప్పుతున్న అత్తగారికి ఫోన్ చేసి చెప్పే పని మాత్రం ఇల్లాలు మొగుడికి అప్పగించలేదు.