తాతయ్యతో ఎవరికీ పని లేదు

ఆ ఉదయం శుభ్రమ్మ ఆఫీసుకు ఒక్క పని మనసులో పెట్టుకుని వచ్చింది. సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు ముందు తన తనిఖీ ప్రోగ్రామును నడిపి చూపించి శభాష్ అనిపించుకోవాలి. ఆమె అసలు పేరు వేరే. పక్కవాళ్ళ బల్ల మీద పెన్ను వంకరగా ఉన్నా సరిచేసి గాని కూర్చోదు కనుక ఆఫీసు ఈ పేరు ఖాయం చేసింది.

ఆ కంపెనీ లిఫ్టులు నడిపే ప్రోగ్రాములను సి అనే కంప్యూటరు భాషలో రాస్తుంది. తలుపుకో మాడ్యూలు, మోటారుకో మాడ్యూలు, గంటకో మాడ్యూలు. ఒకదానిలో ఏమున్నాయో మిగతావాటికి చెప్పే జాబితాను హెడర్ ఫైలు అంటారు. కావలసినవాళ్ళు దాన్ని పేరు పెట్టి పిలుచుకోవాలి. ఇరవై ఏళ్ళలో ఎవరు ఎవరిని ఎందుకు పిలుస్తున్నారో దేవుడికే తెలియాలన్నంతగా అవి చిక్కుపడిపోయాయి. అనవసరమైన పిలుపులను కనిపెట్టడమే శుభ్రమ్మ ప్రోగ్రాము పని. యంత్రం మాటల్లో హెచ్చరిస్తే ఎవరూ చదవడం లేదని, మనుషుల మాటల్లోనే రాసేలా చేసింది.

పదింటికి మీట నొక్కింది. ఒకటే నివేదిక వచ్చింది: "తాతయ్యతో ఎవరికీ పని లేదు. తీసేయవచ్చు."

తాతయ్య అన్నది ఒక హెడర్ ఫైలు పేరు. దాన్ని రాసిన పెద్ద ఇంజనీరును కూడా ఆఫీసంతా తాతయ్య అనే పిలుస్తుంది. శుభ్రమ్మ చెవుల్లో పాటలు పెట్టుకుని ఫైలు తీసేసే పనిలో పడింది. నివేదిక తనకొక్కదానికే కాక ఆఫీసులో అందరికీ మెయిలుగా వెళ్ళిందని చూసుకోలేదు.

ఆఫీసు వ్యవహారాలు చూసే మేనేజరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. "పైవాళ్ళు శుభ్రమ్మ చేత మరీ ఇంత మొహం మీదే చెప్పిస్తారా!" అని నొచ్చుకుంటూనే తాతయ్య ఆఫీసు తలుపు తెరిచే కార్డు రద్దు చేసింది. మనసు ఒప్పక రెండు కిలోల కేకు తెప్పించింది. ఆయన కుర్చీ మీద ఏడాదిగా కన్నేసిన టెస్టరు, కబురు తెలియగానే దాన్ని తన బల్ల దగ్గరకు దొర్లించుకుపోయాడు.

రెండింటికి శుభ్రమ్మ మాడ్యూళ్ళన్నిటినీ కలిపి బిల్డు చేసి చూస్తే వెయ్యీ నూట నలభై తప్పులు! తాతయ్య బల్ల దగ్గరకు పరుగున వెళ్తే ఆయన లేడు, కుర్చీ కూడా లేదు.

"ఆయనేరి?"

"క్యాంటీన్లో. వీడ్కోలు పార్టీ," అన్నాడు టెస్టరు కొత్త కుర్చీలో ఊగుతూ. "సాగనంపింది నీ మెయిలే కదా!"

క్యాంటీన్లో తాతయ్య పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. శుభ్రమ్మ గబగబా ఆయన దగ్గరకు వెళ్ళింది. "తాతయ్యా, అది మీ గురించి కాదండీ, మీ ఫైలు గురించి! ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను!"

"ష్! చెప్పావంటే ఊరుకోను," అంటూ ఆయన ఆమెను మూలకు తీసుకెళ్ళాడు. "మూడేళ్ళుగా రాజీనామా ఇస్తున్నాను. మీరు లేకపోతే లిఫ్టులు కదలవంటూ డైరెక్టరు చింపేస్తున్నాడు. నీ పుణ్యమా అని ఇవాళ బయటపడుతున్నాను. ఆయన నాలుగింటికి ఊర్నించి వస్తాడు. ఈలోపు నేను గుమ్మం దాటాలి."

"మరి నా వెయ్యి తప్పులు?" అంది శుభ్రమ్మ.

తాతయ్య గడియారం చూశాడు, ఆమె మొహం చూశాడు. ఉండబట్టలేక ఆమె బల్ల దగ్గరకు వచ్చి ఓ స్టూలు లాక్కున్నాడు.

"నా ఫైలును పిలిచేది తలుపు మాడ్యూలు ఒక్కటే. దానికి నాతో పని లేదు, నిజమే. కానీ మిగతావాళ్ళంతా తలుపును పిలిచి, దాని చాటున నన్ను వాడుకుంటున్నారు. నీ ప్రోగ్రాము ఆ చాటు వ్యవహారం చూడలేదు. ఫైలు మళ్ళీ పెట్టు. కావలసినవాళ్ళ చేత నేరుగా పిలిపిద్దాం. ప్రోగ్రాముకు కూడా ఈ సంగతి నేర్పు."

ముప్పై ఎనిమిది మాడ్యూళ్ళు, ఒక్కోదానికి ఒక్కో లైను. నాలుగుకు రెండు నిమిషాలుండగా ఒక్క తప్పు లేకుండా బిల్డు పూర్తయింది. తాతయ్య తన సామాన్ల అట్టపెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడో లేదో, ఎదురుగా డైరెక్టరు. "రండి, మీరూ చూడాలి," అని భుజం మీద చెయ్యేసి లోపలికి తెచ్చేశాడు.

శుభ్రమ్మ మీట నొక్కింది. గోడ మీది తెరపైనా, అందరి ఫోన్లలోనూ ఒకేసారి వెలిగింది: "తాతయ్య లేకపోతే ముప్పై ఎనిమిది మాడ్యూళ్ళు నడవవు. తీసేయకూడదు."

"నేను చెప్తే విన్నారా?" డైరెక్టరు పొంగిపోయి అట్టపెట్టె లాగేసుకున్నాడు. మేనేజరమ్మ హడావుడిగా కార్డు మళ్ళీ పనిచేయించింది. టెస్టరు కుర్చీ వెనక్కి దొర్లించుకొచ్చాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే శుభ్రమ్మ ఆనందం పట్టలేక అడిగింది, "ఎలా ఉంది తాతయ్యా, నా ప్రోగ్రాము?"

తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పుగా ఉన్నప్పుడే బాగుండేదమ్మా."