రాతి ఎద్దులకు పచ్చగడ్డి

దేశంలో అన్నిటికీ స్మారకాలు ఉండి కరువుకు మాత్రం లేకపోవడం పెద్ద లోటని, ఆ లోటు తీర్చడానికి అనంతపురం జిల్లాను మించిన చోటు లేదని 2003లో పెద్దలు గుర్తించారు. గుర్తింపు ఆలస్యమైందే గాని, మా అర్హత మీద మాకెన్నడూ అనుమానం లేదు. నల్లమాడకు కాస్త ఇవతల, మా ఊరి బీడును జాతీయ కరువు స్మారకానికి ఖాయం చేశారని తెలిసిన రోజు ఊళ్లో టపాకాయలు కాల్చాం.

బీడు ఖాళీగా లేదన్నది చిన్న విషయం. అందులో గడ్డి క్యాంపు నడుస్తోంది. కోస్తా వరిగడ్డి గుంతకల్లు దాకా రైల్లో, అక్కడి నుంచి లారీల్లో వచ్చేది. చుట్టుపక్కల పశువులన్నీ దాని మీదే ప్రాణాలు నిలుపుకుంటున్నాయి. వాటిలో మా ఊరి నల్లమ్మ ఎద్దులు, కర్రెద్దు, తెల్లెద్దు కూడా ఉన్నాయి. ఆమె మొగుడు తిప్పయ్య బెంగళూరుకు మట్టిపనికి పోతూ ఒకే మాట చెప్పాడు. "వాన పడితే ఇత్తేదానికి గొర్రు కట్టల్ల. ఏం అమ్మినా అమ్ము, ఎద్దులు మాత్రం అమ్మొద్దు." సంత బేరగాడు బయ్యన్న రోజూ క్యాంపుకొచ్చి ఆ ఎద్దుల డొక్కలు తడిమి, "ఇంగెన్నాళ్లు మేపుతావక్కా?" అని పలకరించి పోయేవాడు. పాపం, మర్యాద తెలిసినవాడు.

స్మారక సంఘం వారు క్యాంపు పక్కనే షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన శిల్పి తన నమూనా చూపించాడు. బీడంతా పరుచుకున్న ఒక బోడిబండ. దాని మీద ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అందులోని భావమని ఆయన గంటసేపు వివరించాడు.

మా ఊరి రైతు యేసన్న లేచాడు. "ఏమప్పా, బండ సూపిచ్చేదానికి ఢిల్లీ నుంచి రావల్లనా? మా చేన్లో దండిగా ఉండాయి. కావల్లంటే తోలుకపో."

ఆ తర్వాత కళాభిరుచి కట్టలు తెంచుకుంది. బండకు పాలిష్ పెట్టకపోతే జిల్లా పరువు పోతుందని తాడిపత్రి రాళ్ల వ్యాపారులు హెచ్చరించారు. అంచు లేని బండ మంగళకరం కాదు గనుక చుట్టూ పట్టుచీర బోర్డరు చెక్కించాలని ధర్మవరం వారు కోరారు. గడ్డి తెచ్చింది రైలే కదా, ఒక ఇంజను పెట్టాలని గుంతకల్లు రైల్వే పెన్షనర్లు అర్జీ ఇచ్చారు. ఒక లెక్చరరుగారు ఫౌంటెన్ అడిగారు. కరువు స్మారకంలో నీళ్లేమిటని ఎవరో గొణిగితే, చూడ్డానికి వచ్చేవాళ్లకు కళ్లు చల్లబడొద్దా అన్నారు. ట్యాంకరుతో నీళ్లు తోలి ఫౌంటెన్ ఆడించడానికి తీర్మానమైంది.

అసలు గొడవ విగ్రహం దగ్గర వచ్చింది. తమ నాయకుడి హయాంలోనే ఎక్కువ కరువులు వచ్చాయి గనుక విగ్రహం ఆయనదే ఉండాలని ఒక పార్టీ వారన్నారు. అవతలి పార్టీ వారికి రోషం వచ్చింది. తమ హయాంలో వచ్చినవే నిఖార్సైన కరువులని, వీళ్లవన్నీ అరకొర కరువులని కుర్చీలు లేపారు. పోలీసులు వచ్చి ఇద్దరివీ సమానమైన కరువులేనని సర్దిచెప్పారు.

చివర్లో, ఆడవాళ్లు కూడా మాట్లాడాలి కదా అని మైకు నల్లమ్మకు ఇచ్చారు.

"ఈ బండ ఎట్లన్నా పెట్టుకోండి, నాకేం తెల్దు. నా ఎద్దులకు ఈడ జాగా ఉంటాదా, ఉండదా? అది చెప్పండి సామీ."

సంఘం వారు చలించిపోయారు. అంతవరకూ వచ్చిన సలహాల్లో ఇంత అర్థవంతమైనది లేదన్నారు. స్మారకంలో ఎద్దులకు చోటు ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించి నల్లమ్మకు శాలువా కప్పారు. "అది కాదప్పా, నేను చెప్తాండేది..." అని ఆమె అంటుండగానే వందన సమర్పణ అయిపోయింది.

శిల్పి ఆమె ఎద్దులనే ఎదురుగా నిలబెట్టుకుని రెండు రాతి ఎద్దులు చెక్కాడు. అచ్చం అవే. ప్రజలు మళ్లీ అభ్యంతరం చెప్పారు. డొక్కలు అంటుకుపోయి, ఎముకలు తేలి ఉంటే పైనుంచి వచ్చినవాళ్లు మన గురించి ఏమనుకుంటారు? సంఘం ప్రజాభిప్రాయానికి తలవంచింది. సిమెంటు మెత్తి ఎద్దులకు ఒళ్లు చేయించారు. ముందు గాడి కట్టి, రాతి గడ్డి నింపారు.

ప్రారంభోత్సవంలో స్మారక సంఘం అధ్యక్షుడు ఈశ్వరప్పగారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! స్మారకం ఎవరికి కడతాం? బతికున్నవారికి కడతామా? కట్టం! కట్టామంటే అర్థమేమిటి? కరువు దివంగతమైంది! నేటి నుంచి ఈ జిల్లాలో కరువు ఒక తీపి జ్ఞాపకం!" చప్పట్లు మోగాయి. కరువే లేనప్పుడు గడ్డి క్యాంపు ఉండటం స్మారకానికి అవమానం గనుక, బీడు అంచుకు నెట్టిన ఆ క్యాంపును సాయంత్రానికి ఎత్తేశారు.

నల్లమ్మ ఎద్దుల్ని ఇంటికి తోలుకుపోయి, ఇంటి మీద కప్పిన బోదగడ్డి పీకి మేపింది. పైకప్పు అయిపోయిన రోజు బయ్యన్న పలుపుతాళ్లతో సహా వాకిట్లో కూర్చున్నాడు. "అక్కా, ఇంగ గోడలే మిగిలిండాది" అన్నాడు. ఆమె ఎద్దులు విప్పుకుని బయటికి నడిచింది.

ఈలోగా స్మారకం దగ్గర ఒక వింత జరిగింది. వింత మీకేమో, మాకు కాదు. రాతి ఎద్దు కనిపిస్తే అది బసవన్న కాదని ఎవరు చెప్పినా మా వాళ్లు వినరు. మొదటి సోమవారమే పసుపు పడింది, రెండో సోమవారానికి టెంకాయలు మొదలయ్యాయి. నానబెట్టిన శనగలు, బెల్లం, పచ్చగడ్డి మోపులు వచ్చి పడుతున్నాయి. ఎవరి ఇంట్లోనూ లేని పచ్చగడ్డి దేవుడి దగ్గరికి ఎలా వచ్చేదో దేవుడికే తెలియాలి.

నల్లమ్మ తన ఎద్దుల్ని అక్కడికే తోలుకొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎర్రిస్వామి అడ్డం నిలిచాడు. "అక్కా, పానమున్న ఎద్దులకు లోపలికి పర్మిషన్ లేదు."

"ఈటిని జూసే కదరా అవి చెక్కింది? అసలుకు లేని పర్మిషను నకలుకు యాణ్నుంచి వచ్చె?"

ఎర్రిస్వామికీ ఇంటి దగ్గర ఒక ఆవు ఉంది. అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. నల్లమ్మ తన ఎద్దులకు కూడా ఇంత పసుపు, కుంకుమ పూసి రాతివాటి పక్కన నిలబెట్టింది. భక్తులు బసవన్న ముందు గడ్డి వేసి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటారు. కళ్లు తెరిచేసరికి గడ్డి ఉండదు. మహిమ గల చోటని బెంగళూరు దాకా పేరు పాకింది.

ఆరు నెలలకు సంఘం వారు సందర్శకుల అభిప్రాయాల పెట్టె తెరిచారు. అందరిదీ ఒకే మాట. "రెండు ఎద్దులు అద్భుతం. ఎద్దంటే అలా ఉండాలి. మిగతా రెండు బొత్తిగా సహజంగా లేవు. ఎముకలు కనపడుతున్నాయి, కదులుతున్నాయి, పేడ వేస్తున్నాయి. వెంటనే తొలగించవలెను."

ఈశ్వరప్పగారు పూలదండతో, పరివారంతో స్వయంగా వచ్చి నల్లమ్మకు ఉత్తర్వు చదివి వినిపించారు. ఆమె ఓపికగా విన్నది.

"తోలుకపోతాలేన్నా. కరువు సచ్చిపాయ అని మీరు చెప్తే మాకు తెలిసె. ఈటికి తెల్దు. ఒకతూరి మీ నోటితోనే చెప్పండి, నేను చెప్తే ఇంటాండలేదు."

అధ్యక్షులవారు ఒక అడుగు ముందుకేసి గొంతు సవరించుకున్నారు. కర్రెద్దు మెడ చాచి ఆయన మెడలోని దండను మొదలంటా నమిలేసింది. తొలగింపు వచ్చే సమావేశానికి వాయిదా పడింది. వాన ఇంకా పడలేదు. గొర్రు ఇంటి గోడకు ఆనించే ఉంది. ఎద్దులూ ఉన్నాయి.

వీలైతే మీరూ ఒకసారి రండి. వచ్చేటప్పుడు ఇంత గడ్డి తెండి. నాలుగింట్లో దేని ముందు వేయాలో మీకొకరు చెప్పనక్కర్లేదు. ఇంతవరకూ వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా పొరపాటున బతికున్నవాటి ముందు వేయలేదు.