జోస్యర్ కంప్యూటర్‌ను బాగుచేయకండి

కంప్యూటర్ నిదానంగా నడవడం అదృష్టం! ఈ మాట చదవగానే మీలో సగం మంది పేపరు పక్కన పడేస్తారని తెలుసు. పడేయండి. అంటే మీ ఇంట్లో కంప్యూటర్ వేగంగా నడుస్తోందన్నమాట. పాపం!

మా మన్నార్‌గుడి బజారు వీధిలో దండపాణి జోస్యర్ దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే జాతకం అచ్చువేసి ఇస్తుంది. అమ్మాయిదీ అబ్బాయిదీ కలిపి కొడితే పది పొంతనల్లో ఎన్ని కుదిరాయో చెబుతుంది. ఈ చుట్టుపక్కల దాని మాట కాదని తాళి కట్టినవాడు నాకు తెలిసి లేడు.

మొన్న వానల్లో ఒక పిడుగుకు దాని మదర్‌బోర్డు కాలిపోయింది. మెకానిక్ నూర్దీన్ నాలుగు ఊళ్ళు తిరిగి, అలాంటిదే ఒక సెకండ్ హ్యాండ్ బోర్డు పట్టుకొచ్చి బిగించాడు. తెర వెలిగింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అందరం కూర్చున్నాం. కూర్చునే ఉన్నాం.

మునుపు కాఫీ తాగేలోపు జాతకం వచ్చేది. ఇప్పుడు గింజలు కొని, వేయించి, పొడి కొట్టించి, డికాషన్ దించుకుని తాగినా రావడం లేదు!

దీన్ని నష్టం అంటారా? ఎవరికి నష్టం?

జోస్యర్‌కా? మునుపు కాగితం చటుక్కున వస్తే, "ఇంత తొందరలో ఇది ఏం చూసిందని?" అని వచ్చినవాళ్ళు గొణుక్కునేవారు. ఇప్పుడు తెర మీద నీలం గీత పాకుతూ ఉంటే, "చూశారా, ఏడు తరాల వెనక్కి వెళ్ళి వెతుకుతోంది" అని వాళ్ళే చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఆయన పేరు తంజావూరు దాకా పాకింది. గీత మాత్రం తెర చివరిదాకా పాకలేదు.

జనానికా? ఆ బెంచీల మీద ఎన్ని మూరల మల్లెపూలు మాలకట్టారో లెక్క లేదు. పలకరింపులు మానేసిన అన్నదమ్ములు ఎదురెదురు బెంచీల మీద కూర్చుని, వేరే దారిలేక పలకరించుకున్నారు. ఒక పిల్లాడు ఇక్కడే ఎక్కాలు నేర్చుకుని, ఇక్కడే మరిచిపోయాడు.

అన్నిటికన్నా పెద్ద మేలు ఇంకొకటి ఉంది. మునుపు పసుపు సంచిలో అమ్మాయి జాతకం ఒక్కటే వచ్చేది. ఇప్పుడు పొద్దుగుంకేదాకా ఆమెను ఇంట్లో ఒంటరిగా ఎలా వదలడమని, అమ్మాయిని కూడా తెస్తున్నారు. టిఫిన్ క్యారియర్ మోయడానికని అబ్బాయిని తెస్తున్నారు. తొమ్మిది పొంతనలు కుదిరిన ఒక సంబంధంలో, మజ్జిగ చల్లగా లేదని పెళ్ళికొడుకు తన తల్లి మీదికే గ్లాసు విసరడం ఆడపిల్లవాళ్ళు కళ్ళారా చూసి లేచిపోయారు. కంప్యూటర్ బాగుండి ఉంటే ఆ గ్లాసు సంగతి ఎప్పుడు తెలిసేది? పెళ్ళయ్యాక!

ఇంత మేలు చేస్తున్న యంత్రాన్ని బాగుచేయాలని పట్టుబట్టినవాళ్ళున్నారు. వాళ్ళలో మొదటివాడు నూర్దీనే. తన పనికి పేరు పోతోందని అతని బాధ.

"తంబీ, ఆ బోర్డు ఏ వేళకు బిగించావు?" అని జోస్యర్ అడిగాడు.

"ఆదివారం సాయంత్రం సామీ. బజ్జీలు తిని మొదలుపెట్టాను."

"ఇంకేం, రాహుకాలం!"

"రాహువును తీసే సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు సామీ."

అయినా జోస్యర్ మాట కాదనలేక, బోర్డు విప్పి మంచి వేళ చూసి మళ్ళీ బిగించాడు. ఇంకాస్త నిదానించింది. బల్లను తూర్పుకు తిప్పారు. తెరకు నిమ్మకాయ కట్టారు. నూర్దీన్ వైరస్ ఉందేమోనని వెతికాడు, డిస్క్ సర్దాడు, ఫ్యానులోంచి ఒక పిచ్చుక గూడుకు సరిపడా దుమ్ము తీశాడు. గీత పాకుతూనే ఉంది.

"ఇందులో వేల జాతకాలున్నాయి సామీ. పోయినవాళ్ళవి తీసేస్తే తేలికవుతుంది."

"నోరు కడుక్కో! పోయినవాళ్ళకు ఇంకో గండం పెడతావా?"

ఇలా ఉండగా ఒక ఉదయం వైరక్కణ్ణు తన కూతురు కయల్విళిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఎదురు బెంచీ మీద అబ్బాయి ఇళమారన్, అతని తల్లి. వైరక్కణ్ణుకు ఈ కంప్యూటర్ అంటే మహా గౌరవం. "నిదానంగా చూసిందే నిజం. తొందరపడి చెప్పే లెక్కను నేను చచ్చినా నమ్మను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆ కాగితంలో ఏం వస్తుందోనని కయల్విళి గీత వైపే చూస్తూ కూర్చుంది. కుదిరితే తను ఎరగని ఇంటికి పోవాలి. కుదరకపోతే మళ్ళీ ఇంకో సంచి, ఇంకో బెంచీ. ఎంతసేపని కూర్చుంటుంది? నోరు తెరిచింది.

"మీ ఉద్యోగం ఏ వేళ?"

"బస్సు డిపోలో మెకానిక్‌ని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి."

"నాకూ అంతే. ఇద్దరికీ ఒకే వారం రాత్రి డ్యూటీ పడితే ఇంట్లో ఎవరుంటారు?"

"తాళం."

ఆమె నవ్వింది. వైరక్కణ్ణు దగ్గాడు. గీత పాకింది.

"నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వంట?"

"నాకు రసం ఒక్కటే వచ్చు. అది తిన్నవాళ్ళు డిపోలో ఇంకా బతికే ఉన్నారు."

ఈసారి ఆమె నవ్వలేదు. "పెళ్ళయ్యాక ఉద్యోగం మానేయమని ఎవరైనా అంటే?"

ఇళమారన్ జోస్యర్ కంప్యూటర్ అంత సేపు ఆలోచించాడు. తల్లి వైపు చూశాడు. "అమ్మ అంటుంది. నేను వద్దంటాను. ఆమె రోజూ అంటుంది. నేనూ రోజూ వద్దంటాను."

"ముందే చెప్పేశాడు. ఇంక నేను అనడానికి ఏం మిగిల్చాడే వీడు!" అని ఆ తల్లి పమిట చెంగుతో విసురుకుంది.

అదే సమయంలో బల్ల కింద నుంచి నూర్దీన్ తల బయటపెట్టాడు. "సామీ, పాత బోర్డు ఎక్కడ?"

జోస్యర్ భార్య కోమళం లోపలినుంచి జవాబిచ్చింది. "పూజ అలమరలో. ఇన్నేళ్ళు అన్నం పెట్టింది. చెత్తలో పడేస్తామా?"

నూర్దీన్ గుమ్మం దగ్గర నిలబడి తొంగిచూశాడు. హారతి పళ్ళెం వెనక చందనం, కుంకుమ బొట్లతో పాత మదర్‌బోర్డు. దానికి గుచ్చుకుని, పసుపు రాసుకుని, ఒక మెమరీ పట్టీ! రెండింట్లో ఒకటి కొత్త బోర్డుకు మార్చి, రెండోదాన్ని అక్కడే మరిచిపోయాడు మహానుభావుడు. ఇన్నాళ్ళూ కంప్యూటర్ సగం మెమరీతో పనిచేస్తుంటే, మిగతా సగం రెండు పూటలా హారతి అందుకుంటోంది.

"శుక్రవారం దాకా ముట్టుకోకూడదు" అంది కోమళం.

"అక్కా, దేవుడికి మెమరీ ఎందుకు? ఆయన ఏదీ మరిచిపోడు కదా. మరిచిపోయేది నేను."

ఆమె బొట్టు తుడిచి, కళ్ళకద్దుకుని ఇచ్చింది. నూర్దీన్ యంత్రం ఆపి, పట్టీ బిగించి, మళ్ళీ నడిపించి, ఇద్దరి వివరాలూ కొట్టాడు. రెప్పపాటు! కాగితం బయటికి వచ్చి నేలమీద పడింది. అందరం ఉలిక్కిపడ్డాం.

జోస్యర్ కాగితం తీసి చదివాడు. పదింట్లో మూడే కుదిరాయి.

వైరక్కణ్ణు సంచి తీసుకుని లేచాడు. "మూడేనా! పద అమ్మా."

కయల్విళి లేవలేదు. "నాన్నా, ఇది చూడడానికి దానికి రెప్పపాటు పట్టింది. నాకు పొద్దుటి నుంచి పట్టింది. ఎవరు నిదానంగా చూశారో మీరే చెప్పండి."

వైరక్కణ్ణు జోస్యర్ వైపు చూశాడు. జోస్యర్ నిమ్మకాయ వైపు చూశాడు. పొద్దున్నుంచీ అందరికీ చెప్పిన మాటను వైరక్కణ్ణు తనే ఎలా మింగుతాడు? మెల్లగా కూర్చున్నాడు. "తొందరపడి చెప్పే లెక్క నేను నమ్మను" అన్నాడు, ఈసారి కాస్త చిన్న గొంతుతో. ఆవణి మాసంలో పెళ్ళి.

అయ్యా, అమ్మా, ఇప్పుడు ఆ కంప్యూటర్ గాలిలా పరిగెడుతోంది. జోస్యర్‌కు సంతోషం, నూర్దీన్‌కు పేరు. బెంచీలు మాత్రం ఖాళీ. తండ్రులు బస్సు దిగి, కాగితం తీసుకుని, అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కేస్తున్నారు. వాళ్ళ సంచుల్లో అమ్మాయిల నక్షత్రాలున్నాయి, రాశులున్నాయి, పుట్టిన వేళ కూడా ఉంది. అమ్మాయిలు లేరు.

కన్నకూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని "నీకు ఏం కావాలే?" అని అడగడానికి పిడుగు పడాలా? మదర్‌బోర్డు కాలాలా? అక్కర్లేదు అంటారు మీరు. కానీ మా ఊళ్ళో అలా జరిగితేనే అడిగారు!

అందుకే నిన్న నూర్దీన్ సైకిల్ మీద పోతుంటే ఆపి, ఎవరూ వినకుండా ఒక మాట అడిగాను.

"తంబీ, మళ్ళీ ఎప్పుడు మరిచిపోతావు?"