అత్తగారి కనుగప్పిన ఆటీను రాణి

నిజాముల ఏలుబడి గతించి, ఆంధ్రప్రదేశావతరణము జరిగిన మరుసటి యేటి వేసవిలో, చండభానుప్రచండకిరణములకు కరీంనగర మండలమెల్ల కాగి వేగుచుండగా, చొప్పదండి పురమున, సాలెవారి వాకిట పరచిన ఈతచాపయే రణరంగముగా ఒక మహాసంగ్రామము జరిగెను.

అందు వీరుడు హుస్నాబాదు నేతగాడు పర్శరాములు; ద్విపంచాశత్పత్రపాణి, అనగా చేత పేకకట్ట గలవాడు. ప్రతివీరురాలు అతనికి పిల్లనిచ్చిన అత్త కొమురవ్వ. అనిమేషలోచన, అనగా రెప్పవేయనిది. తన పెండ్లినాడు బంధుజనసహస్రము నడుమ అతడు పేకముక్కను మాయము చేయబోగా, "అర్చేతిల దాశిండు సూడుండ్రి!" అని ఆమె గుట్టు రట్టుచేసినది మొదలు, అతడు అత్తవారింట నవ్వులపాలై, కూరలో ఉప్పెక్కువైనను నోరు మెదపజాలక కుములుచుండెను.

నేడు మరల చాపనెక్కి, బావమరదులు చుట్టును మూగగా, కండువా విదిల్చి, పేకముక్కలను జలపాతమువలె చేతినుండి చేతికి కురిపించి, మేఘగంభీరస్వరమున పలికెను:

"అత్తా! నువ్వు తీసిన ముక్క నీ కండ్ల ముందట్నే మాయమైతది. పట్టుకున్నవా, పేకకట్ట పొయ్యిల ఏస్త. మల్ల ముట్టనే ముట్ట!"

"ఎయ్యి. పొయ్యి మండుతనే ఉన్నది," అనెను కొమురవ్వ.

ఆమె ఆటీను రాణిని తీసి, చూచి, కట్టలో దూర్చెను. పర్శరాములు దానిని ఒడుపుగా ఎడమ అరచేతికి చేర్చుకొని, కుడిచేతిని గగనమున గిరగిర త్రిప్పెను. బావమరదులందరు గగనము చూచిరి. అత్తగారి చూపు మాత్రము ఎడమచేతిపై మేకు దిగగొట్టినట్లు నిలిచియుండెను. పర్శరాములు చిటికలు వేసెను. "అగో, కాకి!" అనెను.

"కాకిని నువ్వే సూడు, అల్లుడా."

వీరుని నుదుట స్వేదబిందువులు పొడమెను. గడపలో అతని భార్య అనసూర్య కొంగు నోట కుక్కుకొని పొయ్యివంక చూచెను.

అప్పుడా ధీరునకు తట్టెను: మనసెటు పోయిన కన్నటే పోవును! హస్తవిన్యాసములన్నియు మాని, మెల్లగా అడిగెను:

"అత్తా, మొన్న మీ తోడికోడలు బిడ్డ పెండ్లిల నీకు చీర పెట్టనే లేదంట, నిజమేనా?"

కొమురవ్వ తలెత్తెను. "పెట్టలే! నడుమిరగంగ బియ్యం చెరిగిన. పెట్టిందెవలికి? పక్కింటి పోశవ్వకు! ముందుగాల ఏమైందంటే..."

అంతవరకు లిప్తపాటుకై తపించిన వీరునకు ఇక కాలమే కాలము. ఆటీను రాణిని ఆమె మోకాలి పక్కనున్న తమలపాకుల సంచి కిందికి జార్చి, తీరికగా మొగము తుడుచుకొని, "అయ్యో, గట్ల చేస్తరా!" అని సంతాపము సైతము వెలిబుచ్చెను.

కోపము చల్లారిన పిదప, "ఆకేసుకో అత్తా," అనెను. ఆమె సంచి ఎత్తెను. రాణి ప్రత్యక్షమాయెను! బావమరదుల కేకలకు వాకిటి కోళ్ళు గోడ దూకెను.

కొమురవ్వ ముక్కను తిరగేసి చూచెను. చాప ఎత్తి చూచెను. తుదకు, ఓడితినని నోటితో అనజాలక, "జర మల్ల చెయ్యి," అనెను.

ఆమెకు చీర పెట్టని మరియొక పెండ్లి తనకు తెలియదు గనుక, "రేపు, అత్తా," అని పర్శరాములు పేకకట్టను జేబున దాచెను.

జయము! జయము! చొప్పదండి రణరంగమున ఆటీను రాణి జానెడు దూరము జరిగి దిగ్విజయము గాంచెను.