జీలుగువలస ఐటీఐ గారి పదవీ విరమణ

జీలుగువలస ప్రభుత్వ ఐటీఐ, వయసు అరవై రెండేళ్లు నిండినందున, జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం పదవీ విరమణ చేయవలసి వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. ఐటీఐ పెట్టిన కొత్తలో వచ్చిన గుమాస్తా మహా నిక్కచ్చి మనిషి. సిబ్బంది అందరికీ సర్వీసు పుస్తకాలు తెరుస్తూ, అదే ఊపులో ఐటీఐకి కూడా ఒకటి తెరిచాడు. పుట్టిన తేదీ: శంకుస్థాపన జరిగిన 1963 జూలై ఒకటి. పుట్టుమచ్చలు: తూర్పు గోడకు పగులు, వెల్డింగు షెడ్డు రేకు మీద తుప్పు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెలాఖరుకే దిగిపోవాలి. రూలు రూలే.

వీడ్కోలు సభకు ఐటీఐ చరిత్ర, పరిచయం రాసే పని ఫిట్టరు ఇన్‌స్ట్రక్టరు బోనెల అప్పలసూరి మీద పడింది. అతను అక్కడే చదువుకుని, అక్కడే పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠం చెబుతున్నాడు. ఐటీఐ దిగిపోతే నూటపన్నెండు మంది ట్రైనీలు రోడ్డున పడతారు, వాళ్ల వెనకే తనూ. అందుకని పరిచయం పేరుతో పొడిగింపు అర్జీ రాశాడు. ప్రాణం పెట్టి రాశాడు.

"తుపానుకు పైకప్పు ఎగిరిపోయినప్పుడు నలభై రోజులు మెడికల్ లీవు పెట్టారు తప్ప, వారు మరే రోజూ గైర్హాజరు కాలేదు. వానకు కారినందుకు మెమో ఇస్తే, సంజాయిషీగా మర్నాడు కూడా కారారు. పది గట్టెక్కడమే గొప్ప అనిపించుకున్నవాళ్ల చేతికి ఇనపముక్క ఇచ్చి, నెలల తరబడి ఆకురాయి పట్టించి, మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుతురు కనబడనంత చదునుగా వచ్చేదాకా వదిలేవారు కాదు. ఈ వ్యాసకర్త ముక్క పదకొండుసార్లు వంకర వచ్చింది. ఇంట్లో అందరూ వీడింతే అన్నారు. వారు మాత్రం పన్నెండో ముక్క ఇచ్చారు."

అది చదివి ప్రిన్సిపాల్ దమయంతి గారు కళ్లు తుడుచుకుని, మూడు ప్రతుల్లో పైకి పంపారు. జవాబు వారంలోనే వచ్చింది. సేవలు శ్లాఘనీయం. పొడిగింపు కుదరదు. కావాలంటే పదకొండు నెలల కాంట్రాక్టు మీద తీసుకోవచ్చు, మధ్యలో ఒకరోజు బ్రేకు తప్పనిసరి.

శాలువా కప్పారు. గేటుకు దండ వేశారు. జూలై ఒకటిన అప్పలసూరి వచ్చేసరికి అక్కడ ఖాళీ స్థలం ఉంది. రెండు గేదెలు మేస్తున్నాయి. దమయంతి గారు నడిమధ్య కుర్చీ వేసుకుని హాజరుపట్టీ తెరిచి కూర్చున్నారు.

"ఏటి మేడమ్, ఐటీఐ గారు నేరేటి?"

"ఇవాళ బ్రేకు కదయ్యా. సర్వీసు తెగాలిగా. రేపొచ్చేస్తారు."

"నాకూ ఏటేటా ఇదే కదా. అలవాటే," అన్నాడు గానీ, సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలలేదు.

రెండో తేదీన ఐటీఐ వచ్చేసింది. చూడగానే అప్పలసూరికి ప్రాణం లేచొచ్చింది. లోపలికి వెళ్లి తూర్పు గోడకు మూలమట్టం ఆనించి చూశాడు. సందులోంచి సన్నగా వెలుతురు కనబడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొత్త హాజరుపట్టీలో ఐటీఐ పేరు అతని పేరు కింద ఉంది. అప్పలసూరి ఇప్పుడు దానికంటే పంతొమ్మిదేళ్లు సీనియరు. దమయంతి గారు ఐటీఐ ఇవ్వాల్సిన హామీపత్రం ఒకటి అతని చేతికిచ్చారు. పర్మనెంటు చెయ్యమని ఎన్నడూ అడగను అని అందులో రాసి ఉంది. ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో సీనియర్లే చూపించాలి గనక, అతనే గోడ మూలకు సిరా రాసి కాగితం అద్దాడు.

"మొదటేడే బెంగగా ఉంటాది సార్," అన్నాడు మెల్లగా, గోడ మీద చెయ్యి వేసి. "పైయేడు బ్రేకుకి ఇద్దరం కలిసే ఎల్దాం."

గోడ ఏమీ అనలేదు. పంతొమ్మిదేళ్ల కిందట అప్పలసూరి కూడా ఏమీ అనలేదు.