తెల్ల గులాబీకి నల్లమచ్చలు

తెనాలిలో ఇంగ్లీషు చెప్పే మార్కు మాస్టారంటే పిల్లలకు హడల్. పేరులో ఉన్న మార్కు ఆయన కలంలోంచి మాత్రం రాలదు. అలాంటి మనిషి, భార్య పుష్పలతకు రేపల్లె బాలికల హాస్టలు వార్డెనుగా బదిలీ అయిన దగ్గర్నుంచి, తనే తప్పిపోయిన పిల్లాడిలా ఇంట్లో తిరుగుతున్నాడు.

వార్డెను కనక ఆవిడ రాత్రిళ్ళు అక్కడే ఉండాలి. ఎప్పుడో ఓ శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోతుంది. వెళ్ళాక ఆవిడ తువ్వాలు దండెం మీంచి తియ్యడానికి మాస్టారికి చేతులు రావు.

"మీరే ఒకసారి రాకూడదూ?" అంటుంది ఆవిడ.

"నాకు రైలు పడదు, పుష్పా" అంటాడు ఈయన. రేపల్లె ఎంత దూరం? కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది.

పెరట్లో కుండీలో ఓ తెల్ల ఇంగ్లీషు గులాబీ ఉంది. రేకుల మీద రేకులతో పూస్తుందనీ, వీధంతా వాసనేననీ నర్సరీవాడు చెప్పాడు. ఇంతవరకూ ఒక్క పువ్వూ లేదు. "ఇంగ్లీషు మొక్క, ఇంగ్లీషు మాస్టారు. ఇద్దరూ మాట్లాడుకోండి" అని అప్పగించి వెళ్ళింది పుష్పలత.

ఆయన మాట్లాడాడు. తెలుగులో. పుష్పలత గురించి.

ఓ రోజు మాటల మధ్యలో ఆలోచన తట్టింది. వెంటనే ఫోన్ చేశాడు.

"మొక్క ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి. ఈ శనివారం వచ్చి చూడకూడదూ?"

"దానికి నేనెందుకండీ? నీళ్ళు తగ్గించండి."

పాచిక పారలేదు. మాస్టారు నల్ల స్కెచ్ పెన్ను తీసి, ఆకు ఆకుకీ చుక్కలు పెట్టి, ఫొటో తీసి పంపాడు.

"అయ్యో, నల్లమచ్చ తెగులు! ఆ ఆకులన్నీ తుంచి పారేయండి."

మాస్టారు హడలిపోయాడు. "తుంచితే తట్టుకోలేదే! నీరసంగా ఉంది పాపం. నువ్వే వచ్చి చూడు."

"నీరసమైతే చేపలు కడిగిన నీళ్ళు పోయండి."

కాదంటే దొరికిపోతాడు. చేపల బజారు నుంచి బకెట్టుడు నీళ్ళు తెచ్చి సగం పోశాడు. సాయంత్రానికి తెనాలి పిల్లులన్నీ పెరట్లో మహాసభ పెట్టాయి. తరమబోయిన మాస్టారు కాలు జారి, మిగిలిన సగం నెత్తిన బోర్లించుకున్నాడు. పక్కింటి పేరంటాలు గోడ మీంచి చూసి, ముక్కు మూసుకునే రేపల్లెకి ఫోన్ కొట్టింది.

"అమ్మాయ్, మీ ఆయన గులాబీ పెంచుతున్నాడో పులుసు పెడుతున్నాడో తెలీట్లేదమ్మా. ఓసారి వచ్చిపో."

పుష్పలత శనివారం దిగింది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, బొటనవేలు తడిచేసి ఆకు మీద రుద్దింది. మచ్చ పోయింది. వేలు నల్లబడింది.

"ఇది మచ్చ తెగులు కాదండీ, స్కెచ్ తెగులు. ఇంతకీ స్కెచ్ మొక్క మీద వేశారా, నా మీద వేశారా?"

"నీ మీదే" అన్నాడు తల దించుకుని.

ఆవిడ నవ్వలేదు. మెట్టు మీద కూర్చుంది. "నేను రావాలని ఇంత చేశారు. మీరు రావాలని ఒక్కసారైనా అనిపించలేదా? రైలు వచ్చినప్పుడల్లా గేటు వైపు చూస్తానని హాస్టలు పిల్లలు నన్ను ఏడిపిస్తున్నారు తెలుసా?"

మాస్టారు దండెం మీది తువ్వాలు తెచ్చి, ఆవిడ నల్లబడ్డ వేలు తుడిచాడు.

ఆదివారం ఆవిడ కుండీ ఆటోలో ఎక్కించుకుంది.

"దాన్నెక్కడికి?"

"నా దగ్గరుంటే కోలుకుంటుంది."

"మరి నేను?"

"మీకు మచ్చల్లేవుగా" అని ఆటో పోనిమ్మంది.

కొన్నాళ్ళకి ఓ ఉదయం ఫోన్. "మొగ్గ విచ్చిందండీ."

"వాసన ఎలా ఉంది?"

"ఫోన్లో ఎలా చెప్పను?"

మాస్టారు స్కూలుకి సెలవు పెట్టి, వచ్చిన రైలెక్కేశాడు. రైలు పడని మనిషి దారిలో బజ్జీలు కూడా తిన్నాడు.

హాస్టల్లోకి మగవాళ్ళు రాకూడదు. పుష్పలత గేటు దగ్గర రెండు కుర్చీలు వేయించి, కుండీ తెచ్చి మధ్యలో పెట్టింది. పాలమీగడలాంటి పువ్వు. మాస్టారు వంగి వాసన చూసి, చాలాసేపు తల ఎత్తలేదు. లోపల కిటికీల్లో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు.

"మళ్ళీ ఎప్పుడు పూస్తుంది?"

"చెప్పలేమండీ. మీరు వస్తూ ఉంటే ఎప్పుడో కనబడుతుంది."

పొద్దువాలాక స్టేషన్లో రైలు కూత వేసింది.

"ఇంకోటి ఉంటుందిగా" అన్నాడు మాస్టారు, కుర్చీలోంచి కదలకుండా.

అదే ఆఖరి రైలని పుష్పలత చెప్పలేదు.