గిల్టే గట్టి సొమ్ము

బంగారం కొనేవాళ్ళంత అమాయకులు ఈ గోదావరి జిల్లాల్లో మరొకరు లేరు. కొంటారు, నలుగురికీ చూపిస్తారు, బ్యాంకు లాకర్లో పెట్టి వస్తారు, ఆ తర్వాత దాని తాళం తలుచుకుంటూ బతుకుతారు. దీన్ని ఆస్తి అంటారా? నన్నడిగితే ఆడదానికి అసలైన ఆస్తి గిల్టు. అందులోనూ పాత గిల్టు. అందులోనూ పారిస్‌లో ఎవరో దొర డిజైన్ చేసి, వెనకాల తన పేరు చెక్కుకున్న పాత గిల్టు!

నవ్వకండి. మండపేట రైసుమిల్లు సురేష్‌బాబు గారి భార్య ఉషారాణిని చూసి ఊరు ఊరంతా అలాగే నవ్వింది.

ఆవిడకి ఈ పిచ్చి సామర్లకోటలో పట్టుకుంది. రెండువేల సంవత్సరం కార్తీకమాసంలో భీమేశ్వరుడి దర్శనానికి వెళ్ళి వస్తుంటే స్టేషన్ ఎదురుగా కారు టైరు పంక్చరైంది. పక్కనే ఆశీర్వాదం అనే ఆయన పాత సామాన్ల కొట్టు. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసి పోయిన ఆంగ్లో ఇండియన్ల మంచాలు, పింగాణీ కప్పులు, గ్రామఫోను పెట్టెలు అన్నీ అక్కడికే చేరేవి. కాలక్షేపానికి లోపలికి వెళ్ళిన ఉషారాణి ఓ బిస్కెట్ల డబ్బా మూత తీసింది. అందులో పమిటకి గుచ్చుకునే పచ్చ గాజురాళ్ళ తూనీగ బ్రోచ్ ఒకటి రెక్కలు చాచుకుని కూర్చుంది.

తిప్పి చూస్తే వెనకాల చిన్న అక్షరాల్లో తయారుచేసినవాడి పేరు! ఆవిడ తెల్లబోయింది. మన దగ్గర అసలు బంగారంలో రాగి కలిపేవాడే పేరు బయటపెట్టడు. నకిలీ సొమ్ము చేసి, ఇది నేను చేసిన నకిలీయే అని సంతకం పెట్టిన మొనగాడు ఎవడో!

అంతే. నాలుగేళ్ళలో ఉషారాణి దగ్గర చెవులు కుట్టించుకోనక్కర్లేని క్లిప్పు కమ్మలు, పూత పూసిన గాజుముత్యాల దండలు, ఎనామిల్ గాజులు పోగయ్యాయి. రాజమండ్రి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఒక్కో పేరు ఏ కాలం నాటిదో, ఆ దొర ఏ దొరసానుల కోసం చేశాడో చదువుకునేది. పేరంటాళ్ళలో ఎవరైనా "ఏంటండీ ఈ నగలు?" అంటే, "నగలు కావండి, కలెక్షన్" అనేది. విన్నవాళ్ళు తాంబూలం పుచ్చుకుని, వీధి మలుపు తిరిగేదాకా ఓర్చుకుని, అప్పుడు నవ్వేవాళ్ళు.

అత్తగారు సుబ్బాయమ్మ గారు మాత్రం మలుపు దాకా ఆగే మనిషి కాదు. "కాసులపేరు లాకర్లో ఉండగా ఈ గాజుపెంకులేంటమ్మా? చూసినోళ్ళు మన మిల్లు మూతపడిందనుకుంటారు" అనేవారు.

కానీ గిల్టులో ఎంత సుఖముందో చూడండి. పెళ్ళికి ఎరువడిగేవాళ్ళు లేరు. బంగారం ధర పెరిగిందా తగ్గిందా అని పొద్దున్నే పేపరు తిరగెయ్యక్కర్లేదు. ఒకసారి పాలకొల్లు బస్సులో ఎవడో దొంగ ఆవిడ చెవి క్లిప్పు లాగాడట. వెలుతురులో పెట్టి చూసి, తిరిగి చేతిలో పెట్టి, "జాగ్రత్తండి, పడిపోద్ది" అన్నాడట. బంగారం పెట్టుకున్న ఏ ఆడదానికైనా దొంగల దగ్గర ఇంత మర్యాద జరిగిందా?

ఇక ఆవిడ బంగారం సంగతి కూడా చెప్పాలి. పెళ్ళిలో పుట్టింటివారు పెట్టిన చంద్రహారాన్ని అత్తగారు చెరిపించి ఆడపడుచు సుప్రియకి వడ్డాణం చేయించారు. చేతి గాజులు ప్రతి దాళ్వా పంటకీ పెట్టుబడి పేరుతో బ్యాంకుకి వెళ్ళి, కోతలయ్యాక ఇంటికొచ్చి, నాట్లకి మళ్ళీ బయల్దేరేవి. మిగిలినవి లాకర్లో, లాకరు తాళం సుబ్బాయమ్మ గారి బొడ్లో. పెళ్ళిళ్ళకి తీసి కోడలికి పెట్టేవారు. భోజనాలవ్వగానే ఒక్కొక్కటీ ఒలిచి మూట కట్టేవారు. గుడిలో ఉత్సవ విగ్రహానికి జరిగేదీ ఇదే. కాకపోతే విగ్రహానికి హారతయినా ఇస్తారు.

"అన్నీ నీవే కదమ్మా, ఎక్కడికి పోతాయి?" అనేవారు సుబ్బాయమ్మ గారు. ఉషారాణి తల ఊపేది. తన వస్తువుని ఎప్పుడు తియ్యాలో, ఎవరికి పెట్టాలో తను తప్ప అందరూ చెప్పగల ఆ ఇంట్లో, ఎవరూ చెయ్యి పెట్టనిది ఆ గిల్టు ఒక్కటే. తియ్యాలంటే తీస్తుంది, పెట్టుకోవాలంటే పెట్టుకుంటుంది, ఎవర్నీ అడగదు. అందరూ వెక్కిరిస్తున్నంత కాలం దానికి ఏ భయమూ లేదని ఆవిడకి బాగా తెలుసు.

ఆ అదృష్టం పాలకొల్లులో ఒక పెళ్ళిలో చెడింది. పెళ్ళికొడుకు మేనత్త బొంబాయిలో పాత వస్తువులు వేలం వేసే కంపెనీలో పనిచేస్తుంది. పంక్తిలో పక్కనే కూర్చుని, ఉషారాణి భుజం మీది తూనీగని చూసి తినడం మానేసింది.

"ఒకసారి తిప్పి చూడొచ్చాండీ?" అని అడిగి, వెనకాల పేరు చదివి, "ఇలాంటిదే పోయినేడు మా వేలంలో కొత్త కారు ఖరీదుకి పోయింది. మీ దగ్గర ఇంకా ఉన్నాయా?" అంది.

ఎదుటి వరసలో సురేష్‌బాబు గారి పూర్ణంబూరె నోటికీ ఆకుకీ మధ్య ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్యని ఎంతో ప్రేమగా పిలిచారు. "ఉషా, మన కలెక్షన్ ఎక్కడుంది?"

మన! నాలుగేళ్ళుగా "నీ గిల్టు", "నీ చెత్త", "నీ పిచ్చి" అన్న నోరే అది. ధర తెలిసిన గంట నుంచీ మగవాళ్ళ వ్యాకరణం ఎంత ఉదారంగా మారిపోతుందో గమనించారా?

కాఫీ తాగేలోగా పంపకాలు అయిపోయాయి. దండలూ గాజులూ వేలానికి. ఆ డబ్బుతో మిల్లుకి బియ్యంలో నల్లగింజలు ఏరే మిషన్. తూనీగ మాత్రం సుప్రియకి, దానికి పచ్చరంగంటే ఇష్టం. బొంబాయి ఆవిడ వచ్చేదాకా అన్నీ లాకర్లో భద్రంగా.

"మరి నేనేమైనా అనుకుంటానేమో అని అడగరాండీ?" అంది ఉషారాణి.

"నువ్వేమనుకుంటావ్? ఇంటికోసమే కదా" అన్నారు సురేష్‌బాబు గారు, నిజంగానే అర్థంకాక.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కడగని నగ లాకరెక్కదు. పది చేతులు తాకిన మైల పోవాలి, లక్ష్మీదేవి మెరవాలి. "కుంకుడు రసంలో బాగా మరిగించి, చింతపండు పెట్టి తోమమ్మా. బంగారంలా చూసుకోవాలి" అన్నారు సుబ్బాయమ్మ గారు. జీవితంలో మొదటిసారి ఆవిడ ఆ గాజుపెంకుల్ని గౌరవించారు.

ఈ సొమ్ముకి నీటిచుక్క తగలకూడదని ఉషారాణికి తెలుసు. రాళ్ళ వెనకాల అతికించిన సన్నటి వెండిరేకు తడిస్తే నల్లబడుతుంది, వేడికి జిగురు వదులుతుంది, పులుపుకి పూత లేచిపోతుంది. నాలుగేళ్ళుగా మెత్తటి పొడిగుడ్డతో తప్ప తుడవలేదు. "వద్దండి, పాడైపోతాయి" అని ఒక్కమాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

"మీరు చెప్పినట్టే చేస్తానండి, అత్తయ్యగారూ" అంది.

కుంకుళ్ళు తనే కొట్టింది. చింతపండు తనే పిసికింది. నీళ్ళు తెర్లుతుంటే ముందుగా తూనీగని వేసింది, ఆ తర్వాత దండలు, కమ్మలు, గాజులు. నురుగులో పచ్చరాళ్ళు ఒక్కొక్కటే ఊడి అడుగుకి చేరాయి. ముత్యాల పైపూత పొట్టులా తేలింది. గిల్టు లేచిపోయి కింద సీసం రంగు బయటపడింది. ఉషారాణి గరిటతో కలుపుతూనే ఏడ్చింది. స్టవ్ మాత్రం ఆర్పలేదు.

సాయంత్రం పళ్ళెంలో పోసి చూపిస్తే సుబ్బాయమ్మ గారు ముక్కున వేలేసుకున్నారు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, గాజుపెంకులని. అసలు బంగారమైతే కుంకుడు రసానికి ఇలా అవుద్దా?"

సురేష్‌బాబు గారు ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి, పళ్ళెంలోకి విసిరేశారు. "ఛీ, పారెయ్. లేదంటే నువ్వే ఉంచుకో నీ చెత్త."

నీ చెత్త! ఆ మాట విని ఆవిడ ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంది. పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కాబట్టి సోదరీమణులారా, మీదంటూ ఒక వస్తువు మీ దగ్గరే ఉండిపోవాలని ఉంటే, ముందు దాన్ని బాగా మరిగించండి.